చెట్టు ఏ నీళ్ళు తాగింది? వలయాల కెమిస్ట్రీలో దొరికే పాత వానల లెక్క

ధాత కరువు అంటే రాయలసీమ పెద్దాళ్ళకి ఇప్పటికీ తెలిసిన పేరే, 1876 నుంచి 78 దాకా బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్ని ఊడ్చి పెట్టేసిన కరువు అది. దానికి ముందు 1832-33లో గుంటూరు వైపు నందన కరువు వచ్చింది, జనం డొక్కల కరువు అని కూడా అన్నారు. ఇంకా వెనక్కి వెళ్తే 1791-92 ప్రాంతంలో పుర్రెల కరువు. పేర్లున్నాయి, దొరల ఉత్తరాలున్నాయి, చచ్చిపోయినవాళ్ళ అంచనాలు కూడా ఉన్నాయి, కానీ ఒక్క సింపుల్ ప్రశ్న అడిగితే మాత్రం జవాబు దొరకదు: ఆ ఏడాది అసలు ఎంత వాన తక్కువైంది? ఆ ఒక్క ఏడాదే తగ్గిందా, లేక అంతకు ముందు పదేళ్ళ నుంచీ మెల్లగా తగ్గుతూ వచ్చి చివరికి అక్కడ తెగిందా?

జవాబు దొరకకపోవడానికి కారణం పెద్ద మిస్టరీ ఏం కాదు. మద్రాసులో వాన కొలవడం 1813 నుంచే ఉంది గానీ అది ఒక్క ఊరు. దేశం మొత్తానికి వాతావరణ శాఖ పెట్టింది 1875లో, శాస్త్రవేత్తలు ఎక్కువగా వాడే ఆల్ ఇండియా వాన లెక్క 1871తో మొదలవుతుంది. అంటే ధాత కరువు ఆ లెక్కలో అంచుమీద దొరికింది, మిగతావన్నీ బయటే ఉండిపోయాయి. నూట యాభై ఏళ్ళ లెక్క చేతిలో పెట్టుకుని "వందేళ్ళకోసారి వచ్చే కరువు" అని మాట్లాడటం అంటే కొంచెం ధైర్యమే, ఎందుకంటే అలాంటివి మహా అయితే ఒకటో రెండో చూసుంటాం. అందుకని ఇంకా పాత సాక్షులు కావాలి. గుహల్లో సున్నపురాయి ఒక సాక్షి, సముద్రం అడుగున బురద ఒకటి, హిమాలయాల మంచు ఒకటి. కానీ ఏ ఏడాది సంగతి ఆ ఏడాదికే కచ్చితంగా, తేదీ తప్పకుండా చెప్పగలిగే విషయంలో చెట్టుకి పోటీ వచ్చేవి చాలా తక్కువ.

చెట్టు వలయాలు, అంటే కాండం అడ్డంగా కోస్తే ఏడాదికొకటి చొప్పున కనబడే గుండ్రటి చుట్లు, లెక్కపెట్టడం పాత విద్యే. అమెరికాలో ఆరిజోనాలో డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూర్యుడి మచ్చల కోసం వెతుకుతూ చెట్ల మీద పడ్డాడు, చివరికి 1937లో యూనివర్సిటీలో ఈ పని కోసమే ఒక ల్యాబ్ పెట్టాడు. లాజిక్ తేలిక: ఎండిపోయిన నేలలో పెరిగే చెట్టుకి వాన పడిన ఏడాది వలయం వెడల్పుగా వస్తుంది, పడని ఏడాది సన్నగా వస్తుంది. వెడల్పుల వరస పట్టుకుని ఒక చెట్టుని ఇంకో చెట్టుతో, దాన్ని పాత ఇంటి దూలంతో కలుపుకుంటూ వెనక్కి పోవచ్చు, దీన్నే క్రాస్ డేటింగ్ అంటారు. ఆసియా మొత్తం మీద 300కి పైగా చోట్ల నుంచి ఇలాంటి వెడల్పు లెక్కలు కలిపి 2010లో ఎడ్వర్డ్ కుక్ టీమ్ ఒక కరువుల అట్లాస్ తయారు చేసింది, అందులో 1790 నుంచి 96 దాకా నడిచిన తూర్పు భారత కరువూ, 1876-78 మహా కరువూ రెండూ విడిగా కనబడతాయి. మన పుర్రెల కరువు ఒంటరి ఏడాది కాదని, ఏళ్ళ తరబడి సాగిన పెద్ద కరువులో ఒక ముక్క అని దాన్నిబట్టి అనుకోవచ్చు.

అయితే ఆ అట్లాస్‌లో చెట్లు ఎక్కడెక్కడివో చూస్తే హిమాలయాలు, టిబెట్, మంగోలియా, ఆగ్నేయాసియా ఇవే ఎక్కువ. ద్వీపకల్ప భారతం దాదాపు ఖాళీ. ఎందుకంటే వేడి దేశాల్లో చాలా చెట్లకి సరైన వలయాలే రావు, ఏడాదంతా ఎంతో కొంత పెరుగుతూనే ఉంటాయి, లేదా ఒకే ఏడాదిలో మధ్యలో వాన ఆగితే దొంగ వలయం ఒకటి వేసేస్తాయి. వేప, మామిడి లాంటివి నమ్ముకుని ఈ పని చేయలేం. మన దగ్గర నమ్మదగ్గ చెట్టు టేకు. ఎండాకాలంలో ఆకు మొత్తం రాల్చేసి నిద్రపోతుంది, మళ్ళీ వానల ముందు చిగురేసేటప్పుడు పెద్ద పెద్ద గొట్టాలున్న కట్టెతో కొత్త వలయం మొదలెడుతుంది, కాబట్టి హద్దు కంటికే కనబడుతుంది. జావాలో టేకుతో 1514 నుంచి 1929 దాకా వరస ఒకటి 1931లోనే బెర్లాగ్ అనే ఆయన అచ్చేశాడు. మన దేశంలో పుణేలోని ట్రాపికల్ మెటియరాలజీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, బోర్‌గావ్‌కర్ టీమ్, కేరళ టేకుతో 1481 నుంచి 2003 దాకా 523 ఏళ్ళ వెడల్పు లెక్క 2010లో తెచ్చారు, ఎల్ నీనోతో ముడిపడ్డ కరువు ఏళ్ళలో చెట్లు సన్నగా పెరిగినట్టు అందులో తేలింది.

మరి ఇంకేం, వెడల్పు కొలిస్తే సరిపోదా అంటే సరిపోదు, ఇక్కడే అసలు కథ మొదలు. వెడల్పు అనేది చెట్టు ఆ ఏడాది ఎలా బతికిందో చెబుతుంది, వాన ఎలా పడిందో కాదు. పక్కన పెద్ద చెట్టు కూలిపోయి వెలుతురు వచ్చినా వలయం లావవుతుంది, పురుగు ఆకు మొత్తం తినేసినా సన్నమవుతుంది, కొమ్మలు నరికినా, అడవి కాలినా, అన్నీ వెడల్పులోకే వచ్చి కూర్చుంటాయి. చిన్న వయసులో లావు, పెద్దయ్యాక సన్నం అనే వయసు ప్రభావం ఒకటి, దాన్ని లెక్కలేసి తీసేస్తుంటే దాంతోపాటు వందేళ్ళ నెమ్మది మార్పులు కూడా కొట్టుకుపోతాయి. పైగా నీళ్ళకి కొరత లేని చోట వెడల్పుకి వానతో సంబంధమే పెద్దగా ఉండదు. నెలకి 300 మిల్లీమీటర్లు పడే చోట ఇంకో వంద ఎక్కువైనా తక్కువైనా చెట్టుకి పట్టదు కదా.

కెమిస్ట్రీ ఈ చిక్కుని వేరే వైపు నుంచి పట్టుకుంటుంది. చెట్టు ఎంత పెరిగిందని అడగదు, ఏ నీళ్ళు తాగి పెరిగిందని అడుగుతుంది.

నీటిలో ఉండే ఆక్సిజన్ అంతా ఒకే బరువు కాదు. ఎక్కువ భాగం ఆక్సిజన్-16, వెయ్యిలో సుమారు రెండు మాత్రం ఆక్సిజన్-18, అంటే కాస్త బరువైన రకం. ఇలా ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాల్నే ఐసోటోపులు అంటారు. కెమికల్‌గా రెండూ ఒకలాగే ప్రవర్తిస్తాయి, బరువు తేడా వల్ల మాత్రం ఆవిరయ్యేటప్పుడు తేలికది ముందు పోతుంది, మేఘం చల్లబడి చినుకయ్యేటప్పుడు బరువైంది ముందు దిగుతుంది. కాబట్టి సముద్రం నుంచి బయల్దేరిన మేఘం దారిలో వాన కురుస్తూ కురుస్తూ వచ్చేకొద్దీ మిగిలిన ఆవిరిలో బరువు ఆక్సిజన్ తగ్గిపోతూ ఉంటుంది. వేడి దేశాల్లో ఇంకో సంగతి, గట్టిగా, విస్తారంగా వాన పడిన నెలల్లో వాన నీళ్ళు తేలికగా, అరకొర చినుకులు పడిన నెలల్లో బరువుగా ఉంటాయని 1964లో డాన్స్‌గార్డ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త లెక్కలు కట్టి చూపించాడు. దీనికి అమౌంట్ ఎఫెక్ట్ అని పేరు. సన్న చినుకు పొడి గాలిలోంచి దిగుతూ సగం ఆవిరై పోతుంది, పోయేది తేలిక భాగం, కింద పడేది బరువు భాగం. ఇదొక కారణం, ఇదొక్కటే కాదు.

ఆ నీళ్ళు నేలలోకి ఇంకి వేరుకి అందుతాయి. వేరు పీల్చేటప్పుడు సాధారణంగా ఏ మార్పూ రాదు, నేలలో ఉన్నది ఉన్నట్టే కాండంలోకి ఎక్కుతుంది. మార్పు వచ్చేది ఆకులో. ఆకు రంధ్రాల్లోంచి నీరు ఆవిరై పోతుంటే, పులుసు మరిగేకొద్దీ ఉప్పు చిక్కబడినట్టు, ఆకులో మిగిలిన నీటిలో బరువు ఆక్సిజన్ పెరుగుతుంది. గాలి పొడిగా ఉంటే బాగా పెరుగుతుంది, గాలిలో తేమ ఉంటే తక్కువ. ఆ నీటితోనే చెట్టు చక్కెర చేస్తుంది, ఆ చక్కెర బెరడు కిందుగా దిగి సెల్యులోజ్‌గా, అంటే కట్టె పీచుగా మారి ఆ ఏటి వలయంలో గోడ అయిపోతుంది. ఆకు నీటి కంటే సెల్యులోజ్ సుమారు 27 పర్ మిల్, అంటే వెయ్యికి 27 వంతులు ఎక్కువ బరువుగా ఉంటుంది, పైగా దారిలో దాదాపు 40 శాతం ఆక్సిజన్ పరమాణువులు కాండం నీటితో మార్పిడి అయిపోతాయి. ఈ మొత్తం తంతుని 2000లో రోడెన్, లిన్, ఎలరింజర్ ముగ్గురూ కలిసి ఒక మోడల్‌గా రాశారు, ఇప్పటికీ అందరూ దాన్నే ముందు పెట్టుకుంటారు.

గమనించాల్సిందేంటంటే మాన్‌సూన్ దేశాల్లో ఈ రెండు ప్రభావాలూ ఒకే దిక్కుకి లాగుతాయి. వాన బాగా పడిన ఏడాది వాన నీళ్ళే తేలిక, గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆకు కూడా వాటిని పెద్దగా బరువు చెయ్యదు, వలయంలో ఆక్సిజన్-18 తగ్గుతుంది. కరువు ఏడాది రెండూ ఎదురు, విలువ పెరుగుతుంది. అందుకే సిగ్నల్ గట్టిగా ఉంటుంది. ఒకసారి సెల్యులోజ్ అయిపోయాక అందులో ఆక్సిజన్ ఇక మారదు, వందేళ్ళైనా వెయ్యేళ్ళైనా అంతే. హైడ్రోజన్ అలా కాదు, కొంత భాగం బయటి తేమతో మార్పిడి అవుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని వాడాలంటే ఇంకో రెండు పనులు చెయ్యాలి. కాల్షియం, మాంగనీస్ లాంటి లోహాలు కొలిచి వాన చెబుదామని కూడా కొందరు చూశారు గానీ చెట్టు రసంతో పాటు అవి వలయం నుంచి వలయానికి జరుగుతాయి, వాన విషయంలో వాటిని నమ్ముకోవడం కష్టమే.

ల్యాబ్‌లో పని ఎలా ఉంటుందో చూస్తే ఈ అంకెలు ఎంత ఓపికతో వస్తాయో అర్థమవుతుంది. ముందు ఇంక్రిమెంట్ బోరర్ అనే బోలు డ్రిల్లు చేత్తో తిప్పుతూ చెట్టు గుండె దాకా దించి, పెన్సిల్ కంటే సన్నం, ఐదు మిల్లీమీటర్ల మందం ఉన్న కర్ర పుల్ల ఒకటి బయటకి లాగుతారు. టేకు గట్టి చెట్టు, బోరర్ లోపలే ఇరుక్కుపోయిన కథలు ఈ ఫీల్డ్‌లో ఉన్నోళ్ళని అడిగితే చెబుతారు. ఆ పుల్లని నునుపు చేసి మైక్రోస్కోప్ కింద వలయాలు లెక్కపెట్టి, తేదీలు ఖాయం చేసుకున్నాక బ్లేడుతో ఒక్కో వలయం విడిగా కోస్తారు. కోసిన ముక్కల్ని సోడియం క్లోరైట్, అసిటిక్ యాసిడ్ కలిపిన వేడి నీళ్ళలో గంటల తరబడి ఉంచి, నీళ్ళు మారుస్తూ మళ్ళీ మళ్ళీ అదే పని చేస్తే కట్టెకి రంగూ గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ కరిగి పోతుంది, గోధుమరంగు ముక్క తెల్లబడుతుంది. ఆ తర్వాత 17.5 శాతం కాస్టిక్ సోడాలో వేస్తే మిగిలిన చిల్లర చక్కెరలు పోయి ఆల్ఫా సెల్యులోజ్ అనే తెల్లటి పీచు ఒక్కటే మిగులుతుంది. ఇంత శుద్ధి ఎందుకంటే లిగ్నిన్, జిగురు, నూనెలు వీటిలో ఆక్సిజన్ లెక్క వేరు, అవి వలయానికో పాళ్ళలో ఉంటాయి, కలిసిపోతే వాన సంగతి ఎక్కడ, కట్టె సంగతి ఎక్కడ తేలదు. టేకులో నూనెలు ఎక్కువ కాబట్టి ఇది మరీ ముఖ్యం.

ఆ పీచులో ఒక మిల్లీగ్రాములో ఐదో వంతు కూడా ఉండని నలుసుని తూచి చిన్న వెండి గుళికలో మడిచి, సుమారు 1400 డిగ్రీల కొలిమిలోకి వదులుతారు. గాలి లేకుండా కాలి సెల్యులోజ్‌లో ఉన్న ఆక్సిజన్ కార్బన్ మోనాక్సైడ్‌గా బయటకొస్తుంది, మాస్ స్పెక్ట్రోమీటర్ అందులో 28 బరువువి ఎన్ని, 30 బరువువి ఎన్ని అని వేరు చేసి లెక్క చెబుతుంది. ఒక కొలతలో పొరపాటు మహా అయితే పర్ మిల్‌లో రెండో మూడో పదో వంతులు, కరువు ఏడాదికీ మంచి ఏడాదికీ తేడా దానికి చాలా రెట్లు ఉంటుంది. ఐదొందల ఏళ్ళ చెట్టు అంటే ఐదొందల గుళికలు, నాలుగు చెట్లంటే రెండు వేలు. ఒకప్పుడు ముక్కకో పరీక్షనాళిక పెట్టి నెలలు పట్టేది, ఇప్పుడు పుల్లని పలచటి పలకలా కోసి మొత్తం ఒకేసారి రసాయనంలో ముంచి, తెల్లబడ్డాక వలయాలు విడదీసే పద్ధతి వచ్చింది, జపాన్ వాళ్ళు దీన్ని బాగా ముందుకి తీసుకెళ్ళారు. ఈ సబ్జెక్ట్ ఈ పదిహేనేళ్ళలో ఒక్కసారిగా ఊపందుకోవడానికి పెద్ద సిద్ధాంతాల కంటే ఇలాంటి చేతిపని మెరుగులే ఎక్కువ కారణం అనిపిస్తుంది.

ఇంత కష్టానికి లాభం ఏంటంటే, వెడల్పు విషయంలో పదిహేను ఇరవై చెట్లు కలిపితే గానీ రాని ఏకాభిప్రాయం ఆక్సిజన్ విషయంలో నాలుగైదు చెట్లతోనే వచ్చేస్తుంది. అందరూ తాగింది ఒకే వాన కదా, పురుగు పట్టిన చెట్టుకైనా పట్టని చెట్టుకైనా నీళ్ళు అవే. ఇంగ్లండ్ ఉదాహరణ దీనికి బాగా సరిపోతుంది. అక్కడ ఓక్ చెట్లకి నీళ్ళ కొరత పెద్దగా ఉండదు, వెడల్పుల్లో వాన సంగతి బలహీనం. స్వాన్సీ యూనివర్సిటీలో లోడర్ టీమ్ అవే ఓక్ చెట్లు, పాత కట్టడాల్లో దూలాలు తీసుకుని ఆక్సిజన్ కొలిస్తే 1201 నుంచి 2000 దాకా ఎనిమిది వందల ఏళ్ళ ఎండాకాలపు వాన లెక్క వచ్చింది. అంతే కాదు, వెడల్పుతో తేదీ తేలని దూలాలకి కూడా ఆక్సిజన్ వరసతో తేదీ చెప్పగలుగుతున్నారు. జపాన్‌లో నకట్సుకా టీమ్ ఆక్సిజన్, హైడ్రోజన్ రెండూ కలిపి మధ్య జపాన్‌కి 2600 ఏళ్ళ లెక్క తెచ్చింది. బొలీవియాలో సెడ్రెలా చెట్ల వలయాల ఆక్సిజన్ మొత్తం అమెజాన్ బేసిన్ వానని చెబుతోందని 2012లో బ్రీనెన్ వాళ్ళు చూపించారు. కోస్టారికాలో అయితే ఎవాన్స్, శ్రాగ్ ఇంకా ముందుకెళ్ళి, కంటికి వలయాలే కనబడని చెట్టులో కూడా వానాకాలం-ఎండాకాలం ఆక్సిజన్ ఎగుడుదిగుళ్ళని లెక్కపెట్టి ఏళ్ళు చెప్పొచ్చు అన్నారు. మన అడవుల్లో వలయాలు సరిగ్గా రాని చెట్లే ఎక్కువ కాబట్టి ఈ చివరిది మనకి ఎక్కువ పనికొచ్చే ఆలోచన.

భారత్ ఈ విషయంలో వెనకబడిందేం లేదు, నిజానికి ముందే మొదలెట్టింది. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో ఆర్. రమేశ్, భట్టాచార్య, గోపాలన్ కలిసి కశ్మీర్ లోయ చెట్ల ఐసోటోపుల మీద 1985లోనే నేచర్ పత్రికలో పేపర్ వేశారు, ఒకే చోటి చెట్లన్నీ ఒకే మాట చెబుతున్నాయా అన్నది అందులో ప్రశ్న. పాతికేళ్ళ తర్వాత అదే రమేశ్ దగ్గర మనగావె, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం శేషశాయి, ఇంకొందరు కలిసి టేకు మీద చేసిన పని ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వాళ్ళు ఒక్కో వలయాన్ని ఒక్క ముక్కగా కొలవలేదు, వలయాన్నే సన్నటి పొరలుగా కోసి, జూన్ నుంచి సీజన్ చివరి దాకా ఒక ఏడాదిలోపలే ఆక్సిజన్ ఎలా మారిందో చూశారు. మాన్‌సూన్ మధ్యలో వానలు ఆగిపోయే బ్రేక్ అంటాం కదా, జూలై ఆగస్టుల్లో రైతు ఆకాశం వైపు చూస్తూ కూర్చునే రోజులు, అది గట్టిగా వచ్చిన ఏడాదుల్లో వలయం మధ్యలో బరువు ఆక్సిజన్ పెరిగి ఒక గుబ్బలా కనబడుతుందని 2010లో తేల్చారు. ఇది చిన్న విషయం కాదు. మెట్ట పంటకి మొత్తం సీజన్ వాన ఎంత అన్న దానికంటే మధ్యలో ఎన్ని వారాలు ఆగింది అన్నదే ముఖ్యం, 800 మిల్లీమీటర్లు పడిన ఏడాది కూడా పంట ఎండిపోవచ్చు. ఎంత వాన అనే కాదు, ఎలా పడిందో కూడా చెప్పగల పాత సాక్షి ఇంకోటి చాలా అరుదు.

కేరళ టేకులో ఇంకో మెలిక. అక్కడ నైరుతి, ఈశాన్యం రెండు వానలూ పడతాయి, ఈశాన్య వాన నీళ్ళలో బరువు ఆక్సిజన్ బాగా తక్కువ. అంటే వలయం చివర్లో విలువ తగ్గితే తేమ పెరిగిందనుకోవడం తప్పు కావచ్చు, నీళ్ళ సోర్సే మారి ఉండొచ్చు. ఒకే వలయాన్ని ముక్కలు చేస్తే రెండు వానల్నీ విడదీయొచ్చు, కలిపి కొలిస్తే రెండూ కలిసి గందరగోళం. మధ్య భారతం టేకుకి పనిచేసిన సూత్రాన్ని తీసుకెళ్ళి దక్షిణానికి అంటించలేం అన్నమాట. నెల్లూరు, చిత్తూరు లాంటి చోట్ల ఎవరైనా ఈ పని చేస్తే అక్కడా ఈ జాగ్రత్తే కావాలి, ఎందుకంటే అక్కడ ఈశాన్య వాన వాటా కూడా పెద్దదే.

ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. వార్తల్లో ఈ పరిశోధనలు వచ్చినప్పుడు "చెట్లు చెప్పిన వెయ్యేళ్ళ వర్షపాతం" లాంటి హెడ్డింగులు పెడతారు, చదివినవాళ్ళు చెట్టులో రెయిన్ గేజ్ ఉందనుకుంటారు. చెట్టు కొలిచింది మిల్లీమీటర్లు కాదు. అది పట్టుకున్నది వాన నీటి ఐసోటోప్ ఒకటి, గాలి పొడిదనం ఒకటి, రెండూ కలిసిన ఒకే అంకె. ఆ అంకెని ఇటీవలి యాభై వందేళ్ళ వాతావరణ లెక్కలతో పోల్చి, సంబంధం కుదిరితే, ఆ సంబంధం పాతకాలంలో కూడా అలాగే ఉండుంటుందని నమ్మి వెనక్కి లాగుతారు. ఆ నమ్మకం చాలాసార్లు సరైనదే, ప్రతిసారీ కాదు.

అసలు మొదటి మెట్టులోనే కిరికిరి ఉంది. కేరళ వాన నీళ్ళని పరీక్షించిన లక్ష్మి, రమేశ్ వాళ్ళ టీమ్ 2014లో చెప్పిందేంటంటే, ఆ చోట ఎంత వాన పడిందన్న దానికంటే ఆ సమయంలో చుట్టుపక్కల సముద్రం మీద, పెద్ద ప్రాంతంలో మేఘాలు ఎంత వ్యవస్థగా కమ్ముకున్నాయన్నదే వాన ఐసోటోప్‌ని ఎక్కువగా నిర్ణయిస్తోందని. అంటే చెట్టు తన ఊరి వాన కంటే మొత్తం మాన్‌సూన్ బలాన్నే బాగా వింటోంది. ఒక జిల్లా కరువు లెక్క కావాలన్నవాళ్ళకి ఇది నిరాశే, కానీ మాన్‌సూన్ మొత్తం ఎటు పోతోందో తెలుసుకోవాలనుకునేవాళ్ళకి ఇదే వరం. యూరప్‌లో ఇంకో రకం వాదన. 2021లో బుంట్‌గెన్ టీమ్ చెక్ రిపబ్లిక్, దక్షిణ జర్మనీ వైపు 147 ఓక్ చెట్లు, దూలాల్లో 27,080 కొలతలు తీసి, కార్బన్ ఆక్సిజన్ రెండూ కలిపి, 2015 తర్వాత వచ్చిన కరువులు రెండు వేల ఏళ్ళలో లేనంత తీవ్రం అన్నారు. 2024లో కెర్‌స్టిన్ ట్రైట్ వాళ్ళు యూరప్‌లో 45 చోట్ల ఆక్సిజన్ తీసుకుని దాన్ని వానగా కాకుండా గాలి దాహంగా, అంటే గాలి ఎంత తేమ లాగుతోందన్న లెక్కగా చదివి, గత 400 ఏళ్ళలో ఇంత పొడి గాలి లేదన్నారు. చూసింది అదే ఆక్సిజన్, ఒకరు నేల కరువు అన్నారు, ఒకరు గాలి పొడిదనం అన్నారు. రెండూ తప్పని కాదు, చదివేవాళ్ళు ఏ ప్రశ్న అడుగుతున్నారో ముందు చూసుకోవాలి.

ఇదే ట్రైట్ 2006లో చేసిన ఇంకో పని మన ఉపఖండానిదే. ఉత్తర పాకిస్తాన్ కారకోరం కొండల్లో జునిపర్ చెట్ల ఆక్సిజన్‌తో వెయ్యేళ్ళ లెక్క తీస్తే, వెయ్యేళ్ళలో బాగా తడిసిన శతాబ్దం ఇరవయ్యోదే అని తేలింది. మరి 2018లో చెన్‌షీ షూ టీమ్ మనాలి, జాగేశ్వర్, నేపాల్, భూటాన్ ఇలా ఐదు చోట్ల చెట్ల ఆక్సిజన్ కలిపితే ఉత్తర ఉపఖండంలో నైరుతి మాన్‌సూన్ గత 180 ఏళ్ళుగా తగ్గుతూ వచ్చిందని తేలింది. పక్కపక్కనే ఉన్న కొండలు, ఒకటి తడి పెరిగిందంటుంది, ఇంకోటి ఎండిందంటుంది. ఇలాంటి చోట సోషల్ మీడియాలో "సైంటిస్టులకే తెలీదు" అని కామెంట్ పడిపోతుంది, అసలు సంగతేంటంటే కారకోరం చెట్లు తాగేది ఎక్కువగా పడమటి గాలులు తెచ్చే చలికాలపు మంచు నీళ్ళు, మనాలికి తూర్పున ఉన్నవి మాన్‌సూన్ నీళ్ళు. గాలులు వేరు, సీజన్లు వేరు, రెండు లెక్కలూ ఒకేసారి నిజం కావచ్చు. ఇంకా ఉత్తరాన టిబెట్ పీఠభూమి ఈశాన్య మూల జునిపర్లతో, బతికున్నవీ, సమాధుల్లో దొరికిన పాత కట్టె కూడా కలిపి, బావో యాంగ్ టీమ్ 2021లో ఏకంగా 6,700 ఏళ్ళ ఆక్సిజన్ వరస తెచ్చింది. అందులో ఆసియా మాన్‌సూన్ వేల ఏళ్ళుగా మెల్లగా బలహీనపడటం, క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్దిలో ఒక పెద్ద పొడి మలుపు కనబడతాయి. వెడల్పులతో ఇంత దూరం పోయినా ఆ నెమ్మది వాలు దొరికేది కాదు, వయసు ప్రభావం తీసేసే లెక్కలో అది కొట్టుకుపోయేది.

కార్బన్ గురించి క్లుప్తంగా. నీళ్ళు తక్కువైతే ఆకు రంధ్రాలు మూసుకుంటుంది, లోపల ఉన్న కార్బన్ డయాక్సైడ్‌తోనే సర్దుకోవాలి, అప్పుడు మామూలుగా వదిలేసే కార్బన్-13ని, అంటే బరువు రకం కార్బన్‌ని కూడా వాడేస్తుంది, కాబట్టి కరువు ఏడాది వలయంలో అది పెరుగుతుంది. కానీ 1850 నుంచి మనం తగలేసిన బొగ్గు, పెట్రోలు వల్ల గాలి కార్బనే మారిపోయింది, దాన్ని సరిచెయ్యాలి, పైగా ఎండ, చెట్టు వయసు కూడా కలుగజేసుకుంటాయి. ఆక్సిజన్‌కి తోడుగా బావుంటుంది, ఒంటరిగా అంత నమ్మకం కాదు.

తుఫాన్ల విషయం మాత్రం కోస్తావాళ్ళు వినదగ్గది. తుఫాను వాన మామూలు వాన కంటే చాలా తేలిక, బరువు ఆక్సిజన్ అందులో బాగా తక్కువ. అమెరికాలో జార్జియా వైపు లాంగ్‌లీఫ్ పైన్ చెట్ల వలయాల్లో సీజన్ చివరి భాగం విడిగా కోసి కొలిస్తే, హరికేన్ వచ్చిన ఏళ్ళలో విలువ ఠక్కున పడిపోయినట్టు కనబడింది, అలా 220 ఏళ్ళ హరికేన్ల జాబితా ఒకటి 2006లో వచ్చింది. బంగాళాఖాతం తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు నవంబరుల్లో వస్తాయి, టేకు ఆకు రాల్చేది ఆ తర్వాతే. కాబట్టి తూర్పు కనుమల టేకులో వలయం చివరి పొరలు కోసి చూస్తే ఇలాంటిదేమైనా దొరుకుతుందా అన్నది అడగదగ్గ ప్రశ్నే, 1977 దివిసీమ ఉప్పెన లాంటి తేదీ తెలిసిన తుఫాన్లతో ముందు పరీక్ష పెట్టుకోవచ్చు. అక్కడ దొరికితేనే 1864 బందరు ఉప్పెన దాకా, ఇంకా వెనక్కి వెళ్ళాలి.

సరే, తెలుగు నేలలో చెట్లున్నాయా మరి? టేకు ఉంది, ఆదిలాబాద్, భద్రాచలం, పాపికొండల వైపు గోదావరి పొడుగునా ఉంది. ఇబ్బంది వయసుతో. బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచి రైలు పట్టాల కిందకీ ఓడలకీ ఇళ్ళకీ కొట్టుకుంటూ వచ్చాక, నాలుగైదొందల ఏళ్ళ మానులు అడవిలో మిగలడం కష్టం. బతికున్న చెట్టు వందా నూట యాభై ఏళ్ళు చెబితే అది రెయిన్ గేజ్ ఉన్న కాలమే, కొత్తగా వచ్చేది తక్కువ. ఇంగ్లండ్ వాళ్ళు చేసినట్టు అడవిలో లేని వయసుని ఇళ్ళలో వెతకాలి. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళు, పాత గుళ్ళ తలుపులు, గడీలు, కోటల దూలాలు, ఇవన్నీ వలయాలున్న కట్టే. వంద వలయాలు వరసగా ఉన్న ఒక దూలం, అది 1750లో కొట్టిన చెట్టుదైతే, 1650 దాకా లెక్క ఇస్తుంది.

చిక్కులు మాత్రం చాలానే. మొదటిది, వడ్రంగి ఎప్పుడూ చేవ ఉంచి పైన తెల్ల భాగం చెక్కేస్తాడు, చెదలు పట్టేది అదే కాబట్టి. దాంతో చివరి వలయాలు పోతాయి, చెట్టు కొట్టిన ఏడాది తేలదు, అయినా మిగిలిన వలయాల ఆక్సిజన్ వరసని తేదీ తెలిసిన ఇంకో వరసతో జత చేస్తే లోపలి ఏళ్ళు కుదురుతాయి. అలా జత చెయ్యడానికి గోదావరి టేకుకి ముందు బతికున్న చెట్లతో ఒక పక్కా వరస తయారుండాలి. రెండోది ఇంకా తమాషా. కోస్తాలో పాత ఇళ్ళలో ఉన్న మంచి టేకు చాలావరకు బర్మా టేకు, రంగూన్ నుంచి ఓడల్లో వచ్చింది, ఇంటాయన కూడా గర్వంగా అదే చెబుతాడు. ఆ దూలం కోసి కెమిస్ట్రీ చేస్తే దొరికేది గోదావరి వాన కాదు, ఐరావతి వాన. బర్మా టేకు వెడల్పులతో మూడు శతాబ్దాల వరస 2011లో వచ్చి ఉంది కాబట్టి ఏది ఎక్కడిదో దానితో పోల్చి చూడొచ్చు, అనుమానం వచ్చిన దూలాన్ని ముందు దాని పక్కన పెట్టి సరిపోలుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే గుళికలు మడవడం మొదలుపెట్టాలి. ఈలోగా పాత ఇళ్ళు కూలగొడుతున్న చోటల్లా ఆ దూలాలు టింబర్ డిపోలకి పోయి, రంపం కింద పడి, కొత్త అపార్టుమెంట్ల గుమ్మాలుగా మారుతున్నాయి. కోసేటప్పుడు చివర తీసి పారేసే జానెడు ముక్క చాలు ఈ పనికి, దాని మీద ఏ ఊరి ఇల్లో రాసి పక్కన పెడితే.